రెండు చోట్లా ఒకే పేరు

పాల్వంచ, 1994 ఆగస్టు, శనివారం

ఇవాళ మా కరెంటు ప్లాంటు కంప్యూటర్ సెక్షన్‌లో మళ్లీ నోరు పారేసుకున్నాను. బాధేం లేదు. బాయిలర్ వేడినీ నీటిమట్టాన్నీ చదవడానికి నేనూ, అప్పుడు నాతో పనిచేసిన యాకూబూ కంప్యూటర్ లోపలి మూల ప్రోగ్రాం కెర్నెల్‌లో సిస్టం కాల్స్ అనే రెండు ఆదేశాలు చేర్చి, వాటికి 'వేడి', 'నీరు' అనే పేర్లు పెట్టుకున్నాం. బయట ప్రోగ్రాములు రాసేవాళ్లు వాటిని పిలిచే సి లైబ్రరీలోనూ అవే పేర్లు. ఒకడు పేరు గట్టిగా చెప్పి, రెండోవాడు తిరిగి చెప్పాకే ఇద్దరం టైపు చేసేవాళ్లం. ఏసీ హోరులో యాకూబ్ "వేడీ" అని అరిస్తే క్యాంటీన్ ఎల్లయ్య చాయ్ పట్టుకొచ్చేవాడు. ఎంత నవ్వుకున్నాం.

"లైబ్రరీలో ఇంగ్లీషు పేర్లు పెడదామండీ. కెర్నెల్లో ఏముందో ఎవరు చూస్తారు?" అన్నారు కొత్త ఇంజనీరు మూర్తి.

"బాయిలర్ ఆగిన రోజు చూస్తరు సార్. బయటొక పేరు, లోపలొక పేరుంటే ఎక్కడని వెతుకుతరు? భద్రాచలం అడవిల చెట్లు కొట్టి చేసే సాగును కోయోళ్లు పోడు అంటరు, దాన్నే ఫారెస్టు ఆఫీసు ఆక్రమణ అంటది. ఆ రెండు పేర్ల నడుమ నలిగేది మనిషే."

ఆయన కీబోర్డు నా వైపు జరిపారు. "నిజమేనండీ. అయితే రెండు చోట్లా ఇంగ్లీషే పెట్టేయండి."

రెండు చోట్లా ఒకే పేరుండాలని నేను అడిగిందే ఇచ్చారు. ఇంకేం వాదించను?

సాయంత్రం, బదిలీ మీద కొత్తగూడెం వెళ్లిన యాకూబ్‌కు ఫోన్ చేసి పేర్ల గొడవ సంగతి ఎత్తాను.

"గెల్చినవా, ఓడినవా? గది చెప్పు ఫస్టు."

"గెల్చిన."

"మరేంది గట్ల మాట్లాడుతున్నవ్?"

అప్పటికే మా తెలుగు పేర్లను రెండు చోట్లా నా చేత్తోనే తీసేశాను. కొత్త ఇంగ్లీషు పేర్లు ఒకదానితో ఒకటి సరిగ్గా సరిపోయాయి. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికాను. ఒక్కటీ దొరకలేదు.