చెవి మిషన్‌కు ఫోన్

బాపూ,

నా ఫోన్ ఇంట్లనే పెట్టి కుట్టుపనికి సుల్తానాబాద్ పోతున్న. చెవి మిషన్ కోసం వెబ్‌సైట్ల మల్ల దరఖాస్తు పెట్టిన గదా, ఇయ్యాల వాళ్లు ఫోన్ చేస్తరట. ఎత్తకపోతే దరఖాస్తు కొట్టేస్తరట. నాకు వినబడదు, మెసేజ్ పెట్టుండ్రి అని రాద్దామంటే అండ్ల జాగనే లేదు. చెవిటోళ్ల కోసం పెట్టినోళ్లకు గంత సోయి కూడా లేదు.

నువ్వే ఎత్తు. "ఆమెనే మాట్లాడాలె" అని పోయినసారి లెక్కనే ఫోన్ పెట్టేస్తరు, నాకెరికే. అయినా ఎత్తు.

పప్పు పొయ్యి మీద ఉన్నది, వేడి చేసుకొని తిను.

ఆరాధన

పోయినసారి నేను ఎదురుంగనే ఉంటే నువ్వు గోడ దిక్కు తిరిగి ఫోన్ల మాట్లాడినవ్. నీ పెదవులు నాకు కనబడొద్దనే గదా. ఈసారి వాళ్లు కాదన్నా సరే, నేనొచ్చినంక నా దిక్కు తిరిగి చెప్పు.