గీత లేని గాజు పలకలు

కర్మన్‌ఘాట్, జూన్ 4

ప్రియమైన సింధూకి,

ఫోన్లో అయితే మాటా మాటా పెరుగుతుందని రాస్తున్నాను. గాజు పలకల మీద గ్రాఫీన్ కలిపిన ఇంకు పూసి నేను చేసిన సోలార్ సెల్స్, ఇక్కడ ఎల్బీనగర్ ల్యాబ్‌లో పడిన వెలుగులో పదకొండు శాతాన్ని కరెంటుగా మారుస్తున్నాయి. అవే, కొలతల కోసం పుణె ల్యాబ్‌కి వెళ్లిన నువ్వు కొలిస్తే ఆరు! రెండుసార్లూ అంతే.

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దగ్గర మీ అమ్మగారు కలిసి, "మా సింధూరకి అక్కడే ఉద్యోగం ఇస్తామంటున్నారమ్మా, నీకు చెప్పలేదా?" అన్నారు. మన గైడ్ చక్రపాణి సారేమో, "ఆ ల్యాబోళ్లు మనకు పోటీ. జర చూసుకో" అన్నారు. నా దగ్గర ఏమీ దాచవు కదా?

నీ స్వప్న

పుణె, జూన్ 11

ప్రియమైన స్వప్నా,

ఉద్యోగం మాట నిజమే. ఖాయమయ్యాక చెబుదామనుకున్నాను. దానికీ కొలతలకీ ముడిపెడతావా? పూతంతా మచ్చలుగా ఉంది, నీ చేతి పనిలా లేదు. ఇంతకీ నీ పదకొండు ఎవరి ఎదుటైనా కొలిచావా? నీ గురించి ఒక మాట విన్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు.

సింధూర

కర్మన్‌ఘాట్, జూలై 2

సింధూరా,

ఈసారి నీకు చెప్పకుండా ప్రతి పలక వెనక మూలన సన్నటి గీత గీసి పంపాను. నువ్వు కొలిచి తిప్పి పంపినవి నిన్న వచ్చాయి. ఒక్కదాని మీదా గీత లేదు. నావి ఎవరికిచ్చావు? "గా పిల్ల మన ఇంట్ల అన్నం తిన్నది, గట్ల చెయ్యది బిడ్డా" అంటోంది అమ్మ. నా పీహెచ్‌డీ మొత్తం ఆ పలకల మీదే ఉంది.

స్వప్న

పుణె, జూలై 8

స్వప్నా,

ఇక్కడ పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయడం రూలు. నీకు మెయిల్ చేశాను, చూడు. సీలు చించిన క్షణానికే గీతల్లేవు. మరి పెట్టెకి సీలు వేసి కొరియర్‌కి ఇచ్చేదెవరు?

ఆరోజు రాయలేనన్న మాట చక్రపాణి సార్‌దే. "స్వప్న అంకెలు పెంచుతున్నది, నువ్వు జాగ్రత్త" అని ఫోన్ చేశారు. నమ్మాను.

సింధూ

కర్మన్‌ఘాట్, జూలై 20

ప్రియమైన సింధూ,

పెట్టెకి సీలు వేసి పంపేది సారే. ఆయన గదికి వెళ్లి, "నా పలకలేవి సార్?" అని అడిగాను. ఆయన తడబడలేదు. "కూసో స్వప్నా. ఒక కంపెనీకి చూపించిన. పేటెంటుల నీ పేరు గూడ పెడ్త. ఎందుకు పరేషాన్ అయితవ్?"

"మరి సింధూర పేరు?"

"ఆ పిల్ల ఇప్పుడు పుణె మనిషి గద."

మన కొలతల్లో నా పలకలు పనికిరావని తేలితే మనం వదిలేస్తాం, ఆయన వాటిని తన పేరుతో కంపెనీకి ఇచ్చుకున్నా అడిగేదెవరు? అందుకే పాత చెత్త పలకలు నీకు పంపాడు. నేరుగా డైరెక్టర్ దగ్గరికి పోయాను. సార్‌ని సెలవులో పంపారు. కమిటీ ఎదుట మళ్లీ చేసి చూపించాను, పదకొండే వచ్చింది. ఇక పుణెలోనూ తేలాలి.

నీకు అబద్ధం రాయలేను, నీ మీద అనుమానం పోక ఆ వీడియో పదేపదే చూశాను. నీకూ నా మీద ఇంకా కాస్త అనుమానం ఉండే ఉంటుంది. ఉండనీ. ఈసారి కొరియర్ వద్దు. పెట్టె ఒళ్లో పెట్టుకుని రైల్లో నేనే వస్తున్నాను. స్టేషన్‌కి రా. కొలిచేటప్పుడు నీ పక్కనే నిలబడతాను.

నీ స్వప్న