ఒనేసిమోని తిట్టే హక్కు

ప్వెర్తో అల్మెండ్రో
అక్టోబరు 29, 1984

పెలికనోస్ బేస్‌బాల్ క్లబ్ కార్యదర్శి దోన్ తెలెస్ఫోరో మతియాస్ గారికి, మూడో వరుసలో కూర్చునే మంత్రసాని బాసిలియా లిరియానో ముందు నమస్కరించి, ఆపైన కోపంతో రాయునది.

అయ్యా, మీరు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమంగా లేను. కారణం నిన్నటి ఆట.

ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా మనవాళ్లు నాలుగు పరుగులు ముందున్నారు. మొదట్నుంచీ బంతులు వేస్తున్న పిచర్ చెయ్యి అలిసిందని, ఆదుకోమని ఒనేసిమో పెగేరోని పంపారు. ఆదుకోవడమంటే ఇదా? మునిగేవాడికి తాడు విసరమంటే తాడుకి బండ కట్టి విసిరాడు. నాలుగు పరుగులూ పోయాయి, ఇంకో రెండు ఎదురిచ్చాం. సీజను మొదలై పట్టుమని రెండు వారాలు కాలేదు, ఇది మూడోసారి.

"ఇప్పుడేగా మొదలైంది దోన్యా, కాస్త ఓపిక పట్టు" అంటాడు నా పక్కన కూర్చునే చేపలాయన. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండెడూ తినాలా, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అన్నాను.

మైదానానికి చెరుకాకు కంచె ఉన్న రోజుల నుంచీ ఆట చూస్తున్నదాన్ని నేను. అప్పుడు ఈ ఆదుకునేవాళ్లే లేరు. మొదలుపెట్టినవాడే ముగించేవాడు. చెయ్యి నొప్పి పుడితే భుజానికింత రమ్ము రాయించుకుని, మిగిలింది గొంతులో పోసుకుని మళ్లీ వచ్చేవాడు.

కాబట్టి ఈ పిల్లాణ్ణి నెయ్బాలో వాళ్లమ్మ దగ్గరికి పంపించెయ్యండి. ద్రాక్షతోటలో పిట్టలు తోలుకుంటాడు. పిట్టకి తగలకపోయినా ఫరవాలేదు, బెదిరితే చాలు.

ఇట్లు,
బాసిలియా లిరియానో

తా.క.: వాడు వేసిన ఆఖరి బంతిని అవతలివాడు కొట్టాడు చూడండి, అది ఇంకా కింద పడినట్టు లేదు. మా ఇల్లు సముద్రం వైపే. పడితే కబురు చేస్తాను.

*

పెలికనోస్ క్లబ్ కార్యాలయం
నవంబరు 3

శ్రీమతి బాసిలియా లిరియానో గారి సముఖమునకు,

తమరి లేఖ అందినది. ఆటగాడు ఒనేసిమో పెగేరోను తల్లిగారి వద్దకు పంపివేయవలెనన్న తమరి విన్నపమును సంతోషముతో స్వీకరించితిమి. ఇట్టి సలహా ప్రేక్షకుల నుండి లిఖితపూర్వకముగా వచ్చుట క్లబ్బునకు మిక్కిలి సదుపాయము. వచ్చు శనివారపు ఆట ముగిసిన వెంటనే పాలకవర్గము కూర్చుని అతని తొలగింపు కాగితముపై సంతకములు చేయును. ఆ సమయమున తమరి లేఖను బిగ్గరగా చదివి వినిపింపగలము. పిట్టల ప్రస్తావన అధ్యక్షులవారికి ప్రత్యేకముగా నచ్చినది.

తమరి విధేయుడు,
తెలెస్ఫోరో మతియాస్, కార్యదర్శి

తా.క.: ఉడకని అన్నమును గురించి తమరు చేసిన ఫిర్యాదుపై క్లబ్బు వంటశాలను తనిఖీ చేయించితిమి. అన్నము బాగుగనే ఉడికినది. చిక్కుడుగింజలలో ఉప్పు తక్కువ. వంటమనిషిని మందలించితిమి.

*

ప్వెర్తో అల్మెండ్రో
నవంబరు 5

దోన్ తెలెస్ఫోరో గారికి, బాసిలియా రాయునది. ఈసారి నమస్కారం లేదు.

మీ తల మీద టోపీ ఉందని తెలుసు. టోపీ కింద ఏమన్నా ఉందా?

పంపించెయ్యండి అంటే నిజంగా పంపించేస్తారా! మా ఆయన బతికున్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే ఆయన్ని నరకానికి పొమ్మన్నాను. ఏనాడైనా మధ్యాహ్నం భోజనం పెట్టకుండా ఉన్నానా? తిట్టడం వేరు, తీసెయ్యడం వేరు. తిట్టు మనసులోంచి వస్తుంది. తీసేసే కాగితం మీ ఆఫీసులోంచి వస్తుంది. రెంటికీ చుట్టరికం అంటగట్టకండి.

ఒనేసిమోని తిట్టే హక్కు నాకుంది. టికెట్టు కొన్నాను, వానలో తడిశాను, గొంతు పోగొట్టుకున్నాను. కుర్చీలో కూర్చుని సంతకాలు చేసే మీకేం హక్కుంది?

క్రిస్పులో సంగతి మరిచిపోయారా? ఎడంచేతి క్రిస్పులో. సీజను మొదట్లో నాలుగు ఆటలు చెడగొట్టాడని వాణ్ణి వెళ్లగొట్టారు. రాజధాని జట్టువాళ్లు పిలిచి చొక్కా ఇచ్చారు. జనవరిలో ఆఖరాటకి మన మైదానానికే వచ్చి, ఆ జట్టుకి ఆదుకునేవాడై, మనవాళ్లని వచ్చినవాణ్ణి వచ్చినట్టు వెనక్కి పంపాడు. నేను ఏడుస్తూ చప్పట్లు కొట్టాను. ఆ ఏడుపు ఇంకోసారి ఏడవను.

ఈ ఊళ్లో సగం మందికి పురుడు పోసిన చేతులివి. మొదటి ఏడుపు గట్టిగా లేదని ఏ బిడ్డనైనా వెనక్కి పంపానా? వీపు మీద ఒక్కటి చరిచి, కాసేపు చూస్తాం. నా చేతికందిన ప్రతివాడూ నా బిడ్డే. ఈ ఒనేసిమో కూడా నా బిడ్డే అనుకోండి. వాడి మీద చెయ్యి వేస్తే ఊరుకోను.

ఇట్లు,
బాసిలియా

తా.క.: ఆ అన్నం సామెత, దోన్ తెలెస్ఫోరో! సామెత! మీకు పురుడు పోసింది నేను కాదు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా చేతుల్ని అనుమానించేదాన్ని.

*

పెలికనోస్ క్లబ్ కార్యాలయం
నవంబరు 7

ఆటగాడు ఒనేసిమో పెగేరో గారి మాతృమూర్తి శ్రీమతి బాసిలియా గారికి,

తమరు అతని కన్నతల్లియన్న సంగతి మాకు తెలియకపోవుటకు చింతించుచున్నాము. మొదటి లేఖలో కుమారుని తమ వద్దకే పంపుమని ఏల కోరితిరో ఇప్పుడు బోధపడినది. తల్లీకొడుకుల ఎడబాటు మా మనసు కరిగించినది. శనివారము తమరు ఆటకు విచ్చేయుచున్నట్టు రేడియోవారికి తెలియజేసితిమి. వారు రోజుకు రెండుమార్లు ప్రకటించుచున్నారు.

అయితే తొలగింపు ఆగదు. నిబంధనల ప్రకారము తల్లుల అభ్యంతరములు చెల్లవు. ప్రేక్షకులు యావన్మందియు ఒక్క గొంతుతో అడిగిననే పాలకవర్గము పునరాలోచింపవలెను. అట్టిది జరుగునది కాదు గనుక తమరు శ్రమపడవలదు. ఇదే మాట అధ్యక్షులవారితో అనగా, వారు నవ్వి, "ఆ మూడో వరుస ముసలావిడా? నాలుగు కేకలేసి ఇంటికి పోతుంది" అని సెలవిచ్చిరి.

తమరి విధేయుడు,
తెలెస్ఫోరో మతియాస్

తా.క.: తల్లి హోదాలో తమరికి ముందు వరుసలో ప్రత్యేకమైన కుర్చీ వేయించితిమి. దానికి ఒక కాలు లేదు. గోడకు ఆనించి కూర్చుండవలెను.

*

ప్వెర్తో అల్మెండ్రో
నవంబరు 11, ఆదివారం

తెలెస్ఫోరో,

గారు లేదు, దోన్ లేదు. శనివారం జరిగింది మీ గదిలోంచి ఎంత కనిపించిందో తెలియదు. నేను చెబుతా, వినండి.

గేటు దగ్గర ఒకావిడ నాకు అడ్డం నిలబడింది. నాకంటే పొడుగు, చేతిలో కసావా దుంప రొట్టెల మూట.

"నా కొడుక్కి తల్లినని రేడియోలో చెప్పించుకున్నది నువ్వేనా?" అంది.

ఆవిడ మాక్సిమినా. ఒనేసిమోని నిజంగా కన్న తల్లి. నెయ్బా నుంచి బస్సులో వచ్చింది.

"నేను చెప్పించుకోలేదమ్మా, క్లబ్బులో ఒక మొద్దు ఉన్నాడు, వాడి నిర్వాకం" అన్నాను.

"నా కొడుకు ఉడకని మెతుకని రాశావట?"

"రాశాను. వాడాడిన ఆట చూసుంటే నువ్వూ రాసేదానివి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "వాడు ముందునుంచీ అంతేలే. తొందరగా ఉడకడు" అని మూట విప్పి నాకో రొట్టె ఇచ్చింది. "ఇంతకీ వాణ్ణి తీసేసేది ఎవరు?"

అధ్యక్షుడు నన్ను ఏమన్నాడో చెప్పాను. ఆవిడ కొప్పు బిగించింది.

నేను పురుడు పోసిన ఆడవాళ్లంతా పెనాలూ గరిటెలూ పట్టుకొచ్చారు. చేపలాయన తక్కెడ పళ్లేలు తెచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి మనం రెండు పరుగులు ముందున్నాం. మీవాళ్లు ఎవరో కుర్రాణ్ణి పంపబోతుంటే ఒక్కసారిగా మొదలెట్టాం. "ఒనేసిమో! ఒనేసిమో!" అవతలి జట్టుకోసం వచ్చినవాళ్లు కూడా పెనం అందుకున్నారు. మీ అధ్యక్షుడు లేచి నిలబడి చేతులెత్తాడు. ఆపమన్నాడో, లొంగిపోయాడో, మాకు అక్కర్లేదు.

ఒనేసిమో వచ్చాడు. వచ్చీ రాగానే గురి తప్పి ఇద్దరిని ఊరికే బేసుల మీదికి పంపాడు.

"ఒరే దున్నపోతా, మోచెయ్యి పైకెత్తరా!" అని నేను.

"చిన్నప్పుడు నా చెప్పు విసిరినంత బాగా విసరరా, దరిద్రుడా!" అని కన్నతల్లి.

వాడు తలతిప్పి మా ఇద్దర్నీ చూశాడు. నవ్వాడు, తెలెస్ఫోరో! సీజను మొదలయ్యాక వాడి పళ్లు చూడ్డం అదే మొదటిసారి. ఒకణ్ణి అవుట్ చేసి వెనక్కి పంపాడు. తర్వాతివాడు ఒక పరుగు లాక్కున్నాడు. మరొకడు అవుటయ్యాడు. ఆఖరివాడు కొట్టిన బంతి కంచె దాకా పోయింది. మాక్సిమినా నా చెయ్యి పట్టుకుని పిసికేసింది, ఇప్పటికీ వాచే ఉంది. కంచెకి వీపు ఆనించి మనవాడొకడు దాన్ని పట్టేశాడు.

గొప్పగా ఆడాడని అనను. ఒక్క పరుగుతో, కొనఊపిరితో గట్టెక్కాం. అయినా చెబుతున్నాను, వాడు రేపు మళ్లీ ముంచినా సరే, మావాడే. మీ కాగితం మీద ఎవడైనా సంతకం పెట్టాడో, ఈ ఊళ్లో వాడింట్లో ఏ పురిటికీ నేను రాను. ఆలోచించుకోమనండి. మీ అధ్యక్షుడి కోడలికి డిసెంబరులో నెలలు నిండుతాయి.

బాసిలియా లిరియానో

తా.క.: ఆ కుర్చీలో మేమిద్దరం కూర్చోలేదు. మీ అధ్యక్షుడు తెలియక కూర్చున్నాడు. ఆ చప్పుడు పెనాల చప్పుళ్లో కలిసిపోయింది కానీ నేను చూశాను.

*

ప్వెర్తో అల్మెండ్రో
నవంబరు 14

ప్రియమైన దోన్యా బాసిలియా గారికి, తెలెస్ఫోరో తన మామూలు భాషలో రాసుకునే మనవి.

తొలగింపు కాగితం చించేశారు. అధ్యక్షులవారి భార్యే దగ్గరుండి చింపించారు.

ఇక అసలు సంగతి. ఒనేసిమోని తీసెయ్యాలని పాలకవర్గం అనుకున్నది మీ మొదటి ఉత్తరం రాకముందే. రేపోమాపో సంతకాలయిపోయేవి. సీజను మొదట్లో నాలుగు చెడ్డ రోజులు చూసి మనిషిని పంపెయ్యడం, జనవరిలో వాడి చేతుల్లోనే ఓడిపోవడం, ఈ క్లబ్బులో ఎన్నోసార్లు చూశాను. గుమాస్తా మాట అక్కడ ఎవరూ వినరు.

అప్పుడు మీ ఉత్తరం వచ్చింది. అంత కమ్మగా తిట్టే మనిషి ఆ పిల్లాణ్ణి వదులుకోదని చదవగానే తెలిసింది. "అమ్మా, అతని తరఫున కాస్త మాట్లాడండి" అని మర్యాదగా రాసుంటే మీరేం చేసేవారు? నన్ను కూడా వాడితోపాటు పిట్టలు తోలడానికి పంపేవారు. అందుకని మొద్దునయ్యాను. వంటశాల తనిఖీ అబద్ధం. ప్రేక్షకులు ఒక్క గొంతుతో అడగాలన్న నిబంధన మా పుస్తకంలో ఎక్కడా లేదు, మీ కోసం నేనే రాశాను. మీరు కన్నతల్లి కాదని నాకు తెలుసు. మాక్సిమినా గారికి మీ మెతుకు మాట రాసి, బస్సు టికెట్టు పంపింది కూడా నేనే. అధ్యక్షులవారు మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. పాపం, ఆయనకి మీరంటే భయం.

కోపం వస్తే తిట్టండి. నాకూ మీ బిడ్డల్లో ఒక చోటు దొరికిందనుకుంటాను.

మీ
తెలెస్ఫోరో

తా.క.: రెండో బేస్ దగ్గర ఆడే సిప్రియానో బ్యాటుకి సీజను మొదలైనప్పట్నుంచీ బంతి తగల్లేదు. మంగళవారం పాలకవర్గం మళ్లీ కూర్చుంటోంది. తీరిక చేసుకుని అతన్ని తిడుతూ నాలుగు ముక్కలు రాయగలరా? కాస్త ఘాటుగా.