నాలుగో వరసలో కూర్చున్న విమర్శకుడు

పరుపుల కంపెనీ మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అత్తయ్య, అమ్ముడుపోని నాలుగువందల పన్నెండు పుస్తకాలు క్షేమం.

పాఠకులంతా ఇప్పుడు ఫోన్లలో కాపురం ఉంటున్నారనీ, నా నవలకి అక్కడొక పేజీ తెరుస్తాననీ రాశావు. అలాంటి పేజీతోనే నువ్వు మీ కంపెనీ తరఫున ఊళ్ళో జనాన్నంతా పడుకోబెడుతున్నావు. నా నవల కూడా అదే పని చేస్తుందని గిట్టనివాళ్ళు అంటూనే ఉన్నారు కాబట్టి నీ అనుభవం పనికిరావచ్చు.

ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ఇతరుల తప్పులు దిద్ది, రిటైరయ్యాక ఒక పడవవాడి మీద మూడువందల పేజీలు రాశాను. సమీక్ష రాస్తామని పుస్తకం పట్టుకెళ్ళిన వాళ్ళు పదకొండు మంది. రాసినవాడు ఒక్కడు, వీధి చివరి రీడింగ్ రూమ్ సెక్రటరీ. 'అట్ట గట్టిగా ఉంది' అని రాశాడు. ఆ ముక్క నేను చచ్చినా మరిచిపోను.

మధ్యగదిలో కట్టలు పెరిగి మీ అత్తయ్య కుట్టుమిషను వరండాలోకి వెళ్ళింది. అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. వానలు మొదలయ్యేలోపు వందమంది పాఠకులు దొరక్కపోతే కట్టలన్నీ పాతకాగితాల బండి ఎక్కిస్తాను. సగం రాసిన రెండో నవల కూడా వాటి మీదే పడేస్తాను. మీ అత్తయ్యకీ చెప్పేశాను. బండివాడు ఆదివారాలు రాడని ఆవిడ చెప్పింది.

ఇట్లు,
మావయ్య

తా.క. ఫోన్ కొనుక్కోమని మళ్ళీ రాయకు. దూరాన ఉన్నవాళ్ళ మీద అరిచే ఓపిక లేదు. ఉన్న కాస్తా ఎదురుగా ఉన్నవాళ్ళకే సరిపోతోంది.

*

మావయ్యకి నమస్కారాలు.

పేజీ తెరిచాను. రెండు మూడు సంగతులు చెప్తాను, కోప్పడకండి. 'నా పుస్తకం కొనండి' అని రోజూ అరిస్తే ఎవరూ ఆగరు. నవలలోంచి నాలుగు మంచి వాక్యాలు పెడదాం. మీరు కూర్చుని రాసే చోటు చూపిద్దాం. ముందు మనిషి తెలిస్తే తర్వాత ఆ మనిషి రాసింది చదవాలనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా కామెంట్ పెడితే తప్పకుండా జవాబివ్వాలి. కామెంట్లు నేను కాగితం మీద దింపి పంపుతాను. మీ జవాబులు ఇక్కడ ఎక్కిస్తాను.

మీ ఫొటో ఒకటి కావాలి. నవ్వుతున్నది.

మీ మేనకోడలు

తా.క. అలాంటిది లేకపోతే అత్తయ్యని అడగండి. మీ పెళ్ళి ఆల్బంలో ఒకటి ఉండాలి.

*

చిరంజీవికి,

ఆశీస్సులు. పెళ్ళి ఆల్బం చూశాం. అందులో నేను నవ్వుతున్నది ఫొటోగ్రాఫర్ స్టూలు మీంచి పడ్డప్పుడు. అది సాహిత్యానికి పనికిరాదు. అందుకని నేను పుస్తకాల కట్టల మీద చేతులు కట్టుకుని కూర్చుంటే మీ అత్తయ్య తన ఫోన్‌తో తీసి నీకు పంపింది. వెనకాల దండెం మీద ఉన్నది నా తువ్వాలు. దాన్ని కత్తిరించు.

మనిషి తెలిస్తే పుస్తకం చదువుతారన్నావు. నన్ను బాగా తెలిసినవాళ్ళే ఇంతవరకు చదవలేదమ్మా.

ఇట్లు,
మావయ్య

తా.క. మీ అత్తయ్య ఆ ఫోన్‌లో మొక్కలకి ఎరువు వేసే వీడియోలు చూస్తోందట. మొక్కల్ని చూసి అంతలా నవ్వేవాళ్ళని నేనెక్కడా చూడలేదు.

*

మావయ్యకి నమస్కారాలు.

ఫొటో ఆరువందల మందికి నచ్చింది. తువ్వాలు కత్తిరించలేదు. సగం మంది దాన్ని చూసే ఆగారు. పుస్తకం కావాలన్నవాళ్ళు పద్నాలుగు మంది, చిరునామాలు ఇందులో పెట్టాను.

'నాలుగో వరస' అనే పేరుతో ఎవరో ఒక కామెంట్ పెట్టారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'పడవవాడు ఏరు దాటడానికి ఆరు పేజీలు పట్టింది. ఈత వచ్చినవాడైతే ఈలోగా రెండుసార్లు వెళ్ళొచ్చేవాడు.'

దీనికి కాస్త మర్యాదగా జవాబు రాయండి.

మీ మేనకోడలు

తా.క. మర్యాదగా అంటే ఒక పేజీకి మించకుండా.

*

చిరంజీవికి,

ఆశీస్సులు. నాలుగు పేజీల జవాబు జతచేశాను. ఏరు వెడల్పెంతో తెలియకుండా దాని మీద మాట్లాడేవాళ్ళకి ఒక పేజీ చాలదు.

ఈ నాలుగో వరస ఎవడో నాకు తెలిసిపోయింది. అట్టని మెచ్చుకున్న సెక్రటరీయే! నిన్న పొద్దున్నే నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. లుంగీ కట్టుకుని కింద కూర్చుని కుర్చీకి కొత్త నవారు అల్లుకుంటున్నాడు.

"నాలుగో వరసలో నక్కి రాళ్ళు వేయడం కాదోయ్, ముందుకొచ్చి మాట్లాడు!" అన్నాను.

"కూర్చో అన్నయ్యా. కుర్చీ మీద కాదు, అదింకా కాలేదు. ఏం వరస? ఏం రాళ్ళు?" అన్నాడు.

"ఏదీ, నీ ఫోన్ తియ్యి."

"నాకు ఫోనెక్కడిది? కోడలు కొంటానంటే నేనే వద్దన్నాను. అయినా నీ పుస్తకం మీద నేను రాళ్ళెలా వేస్తాను? నేను చదివితేగా!"

ఇన్నాళ్ళ పగ, చూడు, ఎంత వట్టిపోయిందో. చదవకుండానే సమీక్ష రాశాడన్నమాట. అక్కడే కూర్చుని నలభై పేజీలు చదివించి మరీ వచ్చాను. ఏరు దాటడం కాస్త ఆలస్యమైందని వాడూ అన్నాడు.

ఇట్లు,
మావయ్య

తా.క. పార్సిళ్ళ మీద చిరునామాలు మీ అత్తయ్య రాస్తోంది. నాలుగో వరసకి నేనిచ్చిన జవాబు చదివి వినిపిస్తే 'గట్టిగానే ఇచ్చారు' అంది. ఇంట్లో ఒక్కరైనా నా పక్షాన ఉన్నారు.

*

మావయ్యకి నమస్కారాలు.

మీ నాలుగు పేజీలూ ఎక్కించాను. తర్వాత జరిగింది చెప్తే మీరు నమ్మరు. మా ఆఫీసులో పరుపుల మీద ఎగిరి చూపించే అమ్మాయి దగ్గర్నుంచి మేనేజర్ దాకా, పొద్దున్నే వచ్చి 'మీ మావయ్య ఏమన్నాడు? నాలుగో వరస ఏమంది?' అని అడుగుతున్నారు. మీ ఇద్దరిలో ఎవరిది న్యాయమో తేల్చడానికి జనం పుస్తకం తెప్పించుకుంటున్నారు. లెక్క ఎనభై ఒకటికి చేరింది.

నాలుగో వరస కొత్త కామెంట్ ఇది: 'పడవవాడి పెళ్ళాం ఒళ్ళు మండి అతని చెప్పులు ఏట్లోకి విసిరేస్తుందే, ఆవిడ బతికున్న మనిషిలా కనిపించేది అక్కడొక్కచోటే. మిగతా పుస్తకమంతా గోడకి చేరేసిన తెడ్డులా నిలబడింది. ఆవిడ చేత మాట్లాడించడానికి రచయితగారికి అడ్డం వచ్చిందేమిటి?'

చెప్పులు విసిరింది ఏ పేజీలోనో అని అందరూ వెతుకుతున్నారు. నాకూ దొరకలేదు.

మీ మేనకోడలు

తా.క. మరీ నొప్పించే మాట అనిపిస్తే ఆ కామెంట్ తీసేస్తాను.

*

చిరంజీవికి,

ఆశీస్సులు. తీసేయకు. ఆ మనిషి పెట్టిన ఒక్క ముక్క కూడా తీసేయకు.

ఈసారి నా జవాబు ఒక్క వాక్యమే: 'అడ్డం వచ్చింది నేనే. ఆవిడ ఏం మాట్లాడేదో మీరు చెప్తే వింటాను.' యథాతథంగా ఎక్కించు.

ఇట్లు,
మావయ్య

తా.క. ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టే వైరు ఏ వైపు గుచ్చాలో బొమ్మ వేసి పంపు. ఊరికే, తెలుసుకుందామని.

*

మావయ్యకి నమస్కారాలు.

నూట ఇరవై ఏడు! వానలకింకా పదిహేను రోజులుంది. మీ ఒక్క వాక్యానికి నాలుగో వరస రోజుకొకటి చొప్పున పెద్ద పెద్ద జవాబులు రాస్తోంది. వాటి కోసమే జనం పేజీకి వస్తున్నారు. ఇప్పుడు మీ ఇద్దర్నీ ఒకే వేదిక మీద చూడాలట. కాబట్టి ఇక దాచలేను. ముందు కూర్చోండి.

నాలుగో వరస అత్తయ్యే. పేజీ తెరిచిన మర్నాడే నాకు ఫోన్ చేసి చెప్పింది: "ఒళ్ళు మండితే తప్ప మీ మావయ్య కలం ముట్టడే అమ్మాయీ. ఎవరో ఒకరు తిట్టాలి. బయటివాళ్ళని నమ్ముకుంటే అవదు, నేనే తిడతాను." మూడు నెలలుగా మీకు అబద్ధం చెప్పాను. తప్పయింది. అత్తయ్యని ఏమీ అనకండి.

మీ మేనకోడలు

తా.క. బొమ్మ వేసి పంపాను కదా, వైరు గుచ్చారా?

*

నా తరఫు, ఆవిడ తరఫు కూడా పనిచేసిన మేనకోడలికి,

ఆశీస్సులు. అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసినవాణ్ణి ఇంత తేలిగ్గా మోసం చేయొచ్చనుకున్నారా?

ఆ చెప్పుల ఘట్టం నీకు దొరకదు, ఎవరికీ దొరకదు. అచ్చుకిచ్చే ముందు నేనే కొట్టేశాను. అది మా ఇంట్లో జరిగింది కాబట్టి. చెప్పులు నావి. ఏరు లేక, పక్కింటివాళ్ళ నీళ్ళతొట్టిలోకి విసిరింది. నా రాతప్రతికి మూడుసార్లు శుద్ధప్రతి రాసిన మనిషికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆవిడ తను రాసిన పుస్తకమే గుర్తుపెట్టుకుంది. అచ్చయింది కాదు.

పేరు కూడా అప్పుడే అర్థమైంది. ఆవిష్కరణ సభనాడు మొదటి మూడు వరసలూ పెద్దమనుషులకి వదిలి ఆవిణ్ణి నాలుగో వరసలో కూర్చోబెట్టింది నేనే. ఆ మూడు వరసల్లో ఒక్కడూ నా పుస్తకం తెరవలేదు. పాత బాకీలన్నీ తీర్చుకుందామని బయల్దేరాను గాని, నేను పడ్డ బాకీ ఒకటి ఇంట్లోనే ఉంది.

తెలిసీ ఊరుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో నా రాత గురించి ఆవిడ నాతో ఇంత మాట్లాడింది లేదు. నేను అడిగిందీ లేదు. మాట మధ్యలో ఆగిపోతుందేమోనని రోజూ ఆవిడ ఫోన్‌కి నేనే ఛార్జింగ్ పెడుతున్నాను.

రెండో నవల మొదటి పేజీ మళ్ళీ రాశాను. ముందుగా మాట్లాడేది పెళ్ళామే. వేదిక మీద రెండు కుర్చీలు వేయించు. సెక్రటరీ నవారు కుర్చీ ఇస్తానన్నాడు.

ఇట్లు,
మావయ్య

తా.క. అమ్మాయీ, కవరు అంటించమని ఇచ్చారు. చదవకుండా అంటించే మనిషినా నేను? ఆయన వైరు సరిగ్గానే గుచ్చుతారు గాని స్విచ్ వేయరు. రోజూ ఆయన పెరట్లోకి వెళ్ళగానే నేనే వేస్తున్నాను. తిరిగొచ్చి, నిండిందని చూసి మురిసిపోతారు. చెప్పకు. - అత్తయ్య