వలలో పెళ్లికూతురు

మర్సా ఆలం, గురువారం

అమ్మా, నేను బాగున్నాను. పోయిన కార్డులో "పెళ్లికూతురు దొరికింది" అని రాస్తే నువ్వు వీధంతా షర్బత్ పంచావని చెల్లి రాసింది. ఇక్కడి జాలర్లు సముద్రపు ఆవును అలా పిలుస్తారు. ఇక్కడ నా ఉద్యోగం వాటిని లెక్కపెట్టడమే. నిన్న ఆ దొరికిందే జాలరి అవద్ మామ కొత్త వలలో చిక్కి, ఊపిరి కోసం పైకి రాలేక కొట్టుకుంది. నేను బతిమాలేలోపే ఆయన కత్తి తీసి వల కోసేశాడు.

"ఇన్నేళ్లూ పెళ్లికూతురని పిలిచి ఇప్పుడు చావనిస్తానేంట్రా? చూస్తావేం, తోక పట్టుకో" అన్నాడు.

నాన్న వల అల్లే సూది ఉంటే పంపు, ఆ వల నేనే బాగుచేస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? దేవుడు నిన్ను చల్లగా చూడాలి. షర్బత్ తాగినవాళ్లు అడిగితే పెళ్లికూతురు క్షేమమని చెప్పు. వెంట బిడ్డ కూడా ఉందని మాత్రం చెప్పకు.

నీ షాజిలీ