తీగల కింద చోటు

ఉన్, సూరత్
నవంబరు 2021

జమునా, నా దగ్గు తగ్గింది, దిగులు పడకు. ఇంకో మాట ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు, అందుకే కార్డు రాస్తున్నాను.

బట్ట నేసే సాంచెల కార్ఖానా మూతపడ్డాక హజీరా వైపు కరెంటు లైను పనికి పోతున్నాను కదా. నిన్న సర్కారు బీడులో చెట్లు కొడుతుంటే ఒకామె వచ్చి వేపచెట్టును పట్టుకుని నిలబడింది. దాని కింద తన బిడ్డను పూడ్చిందట. నేను గొడ్డలి దించాను. మన మేస్త్రీ సత్తయ్య నన్ను పక్కకు పిలిచాడు. "జాగ సర్కారుదే. తీగ పోనీకి దారి ఒక్కటే కంపెనీకిచ్చిన్రు. కింద ఎవ్వరు ఇల్లు కట్టరు, ఎవ్వరు తవ్వరు. ఎత్తు చెట్టు మాత్రం ఉండొద్దు" అన్నాడు. ఆమె చూస్తుండగానే ఆ చెట్టును నేనే కొట్టాను.

మన ఊరి సర్కారు భూమి మీదుగా కూడా లైను వస్తోందని మీ తమ్ముడు చెప్పాడు. లాక్‌డౌన్‌లో నేను రాలేకపోయినప్పుడు మన పాపను పూడ్చింది అక్కడే కదా. లైను వాళ్లతో కొట్లాడకు. తీగల కింద పాప చోటు ఎవరూ ముట్టరు. నువ్వు పెట్టిన వేపమొక్కను మాత్రం తీసి మల్లె పెట్టు, అది ఎత్తు పెరగదు.

అమ్మకు రెండో టీకా వేయించావా? బర్రె ఈనిందా? నా గొంగడి ఎండలో వెయ్యి. అమ్మకు దండాలు, ఓంకార్‌కు ముద్దులు.

మల్లె ఎండిపోకుండా చూడు. ఆ చోటు నేను ఇంతవరకు చూడలేదు, వచ్చినప్పుడు దాన్ని బట్టే గుర్తుపట్టాలి.

కొమురయ్య