ఫ్యాన్‌లో చిక్కిన నూలు

ఆదివారం.

కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు పాడవలేదు. వారం రోజులు ఉత్తగానే భయపడ్డాను. గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు తెర మీద రంగు గీతలొచ్చి, అంతా నల్లబడేది. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాను, కార్డు తీసి మళ్లీ బిగించాను, లాభం లేదు. గద్వాలలో దాన్ని ముట్టుకునే మెకానిక్ కూడా దొరకలేదు.

ఇవాళ మగ్గం గుంతలో కూర్చుని చీర నేస్తూనే నాయిన అడిగాడు, "ఏందిరా, మల్ల బందయిందా?"

"బాగ వేడైతుంది నాయినా. ఎందుకో తెల్వదు."

ఆయన లేచి వచ్చి టార్చి పట్టాడు. కార్డు ఫ్యాన్ల వెనక నూలు నూగు మెత్తగా పేరుకుని ఉంది. "గిది మన నూలేరా!" అని నవ్వి, పడుగుకు గంజి పట్టించే పాత కుంచె తెచ్చి తానే దులిపాడు. గుప్పెడు వచ్చింది. తర్వాత రెండు గంటలు ఆడినా ఒక్క గీత రాలేదు.

సంతోషమే. కానీ దులుపుతూ నాయిన చాలాసేపు దగ్గాడు. దవాఖానకు పోదామంటే, "ఈ చీర నేసి మగ్గం మీంచి కోసినంక పోదాం తియ్" అన్నాడు. పోయిన చీరప్పుడూ అదే మాట.

కంప్యూటర్‌ను మగ్గం పక్కన పెట్టి ఏడాదే అయింది. నాయిన ఆ గుంతలో కూర్చోబట్టి ముప్పై ఏళ్లు...